ఇంట్లోనే జంతువులు, పక్షుల మాస్కులు: పన్నెండు మంది పిల్లలు, పద్దెనిమిది రోజులు

మిర్యాలగూడ_అమ్మ
అందరికీ నమస్కారం. మా పాపకు ఆరేళ్లు నిండుతున్నాయి. పుట్టినరోజు దసరా సెలవుల్లో పడింది. ఈసారి జంగిల్ థీమ్ కావాలంది. పాపతో కలిపి పన్నెండు మంది పిల్లలకూ తలా ఒక మాస్కు ఇవ్వాలని, కొనకుండా ఇంట్లోనే చేయాలని అనుకున్నాం. ఇంకా పద్దెనిమిది రోజులుంది.

కొనకపోవడానికి కారణం ఉంది. కిందటేడు స్కూల్ ఫ్యాన్సీ డ్రెస్‌కి ప్లాస్టిక్ పులి మాస్కు కొన్నాం. కళ్ల రంధ్రాలు ఒకచోట, పాప కళ్లు ఒకచోట. స్టేజీ మెట్టు కనబడక పడిపోయి మోకాలు చిట్లింది. అప్పటి నుంచి మాస్కు చూస్తేనే భయపడుతోంది, అయినా మళ్లీ అదే కావాలంటోంది. అందుకే సరిగ్గా చేయాలని నా పట్టుదల.

నిన్న మొదటిది చేశాను. బెలూన్ ఊది, మైదా లైలో ముంచిన పేపర్ ముక్కలు అంటించి, తొందరగా ఆరుతుందని డాబా మీద ఎండలో పెట్టాను. గంట తిరగకముందే టప్పున చప్పుడు. వెళ్లి చూస్తే బెలూన్ పగిలి పేపరంతా ముద్దయిపోయి ఉంది. ఎక్కడ తప్పు జరిగింది? ఇంకో మాట, పాపకు పులీ సింహం వద్దట. పాలపిట్ట కావాలట.

దేవరకొండ_డ్రాయింగ్_సార్
అమ్మా, తప్పంతా ఎండదే. వేడికి బుగ్గలో, అంటే బెలూన్‌లో, గాలి ఉబ్బుతుంది, తడి పేపర్ దాన్ని ఆపలేదు. ఇంట్లో నీడకు, ఫ్యాన్ కింద పెట్టండి. దారం కట్టి వేలాడదీస్తే అన్ని వైపులా ఒకేలా ఆరుతుంది.

మా బడిలో ప్రతి ఏడూ చేయిస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. పేపర్‌ను కత్తెరతో కత్తిరించకండి, చేత్తో చింపండి. చింపిన అంచు పలచగా ఉండి కింది పొరలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు మాత్రం రంగు వేశాక కూడా గీతలా కనబడుతుంది. పేపర్‌ను పైనుంచి కిందికి లాగితే నేరుగా చిరుగుతుంది, అడ్డంగా లాగితే వంకర పోతుంది. రెండు వేళ్ల వెడల్పు చాలు.

మొదటి పొరకు లై వద్దు. వట్టి నీళ్లలో తడిపి అంటించండి, ఆరాక బుగ్గ తేలిగ్గా ఊడి వస్తుంది. రెండో పొర నుంచి లై. ఒక పొర తెలుగు పేపర్, దాని మీది పొర ఇంగ్లీషు పేపర్ వేస్తే ఎక్కడ అంటించామో, ఎక్కడ ఖాళీ మిగిలిందో కంటికే తెలుస్తుంది. మొత్తం ఐదు పొరలు. ఒకేరోజు ఐదూ వేస్తే లోపలి తడి బయటికి రాదు, రోజుకు రెండే వేయండి. ఆరిన గుల్లను నిలువుగా కోస్తే రెండు ముఖాలు. అంటే మీకు ఆరు బుగ్గలు చాలు.

లైకి ఒక గ్లాసు మైదాను గ్లాసు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు గ్లాసుల నీళ్లలో పోస్తూ తిప్పాలి. తెల్లదనం పోయి గాజులా మెరవగానే దించేయాలి. వాడేముందు పూర్తిగా చల్లారనివ్వండి.

గద్వాల_కుట్టుమిషన్
అక్కా, సార్ చెప్పింది బాగుంది కానీ ఒక్క మాట. పన్నెండు మందికీ ముఖం మొత్తం కప్పే మాస్కు చేయకండి. పిల్లలు కేక్ తినాలి, నీళ్లు తాగాలి, అరవాలి. నోరు మూస్తే అయిదు నిమిషాల్లో తీసి సోఫా కింద పడేస్తారు. నుదుటి నుంచి ముక్కు దాకా ఉంటే చాలు. పక్షి అయితే ఇంకా తేలిక: పాత క్రికెట్ టోపీ తీసుకుని దాని ముందంచు మీదే ముక్కు కట్టేయండి. టోపీ పైభాగం పక్షి తల అవుతుంది, పిల్ల ముఖం పూర్తిగా బయటే ఉంటుంది. భయపడే పిల్లకు ఇంతకంటే మంచిది లేదు.

ఎలాస్టిక్ సన్న దారంలాంటిది తేకండి, చెవి వెనక కోస్తుంది. నిక్కర్లకు వేసే బద్దీ ఎలాస్టిక్ తెండి. తల చుట్టూ కొలిచి దానికి రెండంగుళాలు తగ్గించి కత్తిరించాలి. స్టేప్లర్ పిన్ కొడితే ముడుచుకున్న మొనలు బయటి వైపు ఉండాలి, వాటి మీద బట్ట ముక్క అతికించాలి. లోపల పాత కాటన్ చీర ముక్కతో అస్తరు వేస్తే చెమట పీల్చుకుంటుంది. ఈ అస్తరు మాత్రం వదలొద్దు. ఆరిన పేపర్ అంచు చెంపకు గీసుకుంటుంది.

మిర్యాలగూడ_అమ్మ
టోపీ ఆలోచన మా పాపకు చెప్పగానే ఎగిరి గంతేసింది! చాలా థాంక్స్ అక్కా. మిగతా పిల్లల్లో ముగ్గురికి జింక, ఇద్దరికి పులి, ఇద్దరికి ఎలుగుబంటి, ఇద్దరికి గుడ్లగూబ, ఒకరికి చిలుక, ఒకరికి నెమలి అనుకుంటున్నాం. ఒకటి అడగాలి. జింక ముఖం గీస్తే ఎన్నిసార్లు గీసినా కుక్కలా వస్తోంది. ఎందుకు?

నల్లమల_బాట
మాది అచ్చంపేట వైపు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచునే పెరిగాను. మీ ప్రశ్నకు జవాబు కళ్లలో ఉంది.

వేటాడే జంతువుకు కళ్లు ముందుకు ఉంటాయి. పులి, గుడ్లగూబ మనల్ని సూటిగా చూస్తాయి. దూరం అంచనా కట్టడానికి రెండు కళ్లూ ఒకేచోట చూడాలి కదా. జింక, కుందేలు, చిలుక, నెమలి ఎవరు మీద పడతారో అని చుట్టూ కాచుకునేవి. వాటి కళ్లు తలకు రెండు పక్కల ఉంటాయి. మీరు పిల్ల కళ్లున్నచోటే జింక కళ్లూ గీస్తున్నారు, అందుకే కుక్క ముఖం వస్తోంది.

పులికీ గుడ్లగూబకూ రంధ్రాన్నే కన్నుగా చేసుకోవచ్చు. జింకకు మాత్రం కన్ను వేరు, రంధ్రం వేరు. పెద్ద నల్ల కళ్లను ముఖం అంచుల దగ్గర, చెవుల కిందుగా గీయండి. పిల్ల చూసే రంధ్రాలు వాటి మధ్య గోధుమరంగు భాగంలో పెట్టి, చుట్టూ అదే రంగు ముదురుగా వేస్తే రంధ్రం కనబడదు. జింక కళ్లు ఎంత దూరంగా ఉంటే అంత జింక.

చుక్కల జింకలో కొమ్ములు మగదానికే. ఒక్కో కొమ్ముకు సాధారణంగా మూడు కొసలు. నిజం కొమ్మలు పెట్టకండి, బరువుకు మాస్కు ముందుకు వాలుతుంది, పక్కవాళ్ల కంట్లో కూడా గుచ్చుకోవచ్చు. పేపర్ గొట్టంలా చుట్టి లైతో గట్టిపరిచి కొసలు గుండ్రంగా చేయండి. దగ్గర్లో జింకల పార్కు ఉంటే పిల్లలకు ముందే చూపించండి. చూసిన పిల్ల గీసే జింక వేరేగా ఉంటుంది.

పులి గురించి ఒకటి. చాలామంది పులి కంట్లో పిల్లి కన్నులా నిలువు గీత గీస్తారు. పులి కంటిపాప గుండ్రమే. చెవుల వెనక తెల్లటి మచ్చ ఉంటుంది, అది వేస్తే వెనక నుంచి చూసినవాళ్లకూ పులే.

దేవరకొండ_డ్రాయింగ్_సార్
బాట గారూ, ముప్పై ఏళ్లుగా డ్రాయింగ్ చెబుతున్నాను, జింక కళ్ల సంగతి ఇంత స్పష్టంగా నేను చెప్పలేదు. సోమవారం నుంచి నా క్లాసులో చెబుతాను.

రంధ్రాల కొలత గురించి: ఊహించి కోయకండి. పాపను ఎదురుగా కూర్చోబెట్టి, దూరంగా చూడమని, ఒక కంటిపాప నుంచి ఇంకో కంటిపాపకు స్కేలుతో కొలవండి. పెద్దవాళ్లకు ఆరు సెంటీమీటర్లు దాటుతుంది, ఆరేళ్ల పిల్లకు ఐదుకు అటూ ఇటూగా ఉంటుంది. కిందటేడు మీ పాప పడింది ఈ ఒక్క సెంటీమీటరు వల్లే అయ్యుండాలి. రంధ్రం కనీసం రూపాయి బిళ్ల కంటే పెద్దగా ఉండాలి, కింది అంచు ఇంకొంచెం కిందికి కోయాలి. నడిచే పిల్లకు ఎదురుగా కాదు, కాళ్ల దగ్గర కనబడాలి.

వనపర్తి_నాన్న
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. మావాడికి మూడేళ్లు. పీర్ల పండుగలో పులివేషం చూసి జ్వరం తెచ్చుకున్నాడు. అన్న వాళ్ల పిల్లలు మాస్కు వేసుకుంటే నా కాళ్లు పట్టుకుని వదలడు. వీడికి ఎలా అలవాటు చేయాలి? లేక వదిలేయాలా?

పాలమూరు_సిస్టర్
అన్నా, నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. ఆ వయసులో ఇది మామూలే. తెలిసిన ముఖం ఒక్కసారిగా మాయమైతే లోపల నాన్నే ఉన్నాడని వాళ్లకు నమ్మకం ఉండదు. బలవంతంగా తొడగొద్దు. మీరు వాడి ఎదురుగానే వేసుకోండి, తీయండి, మళ్లీ వేసుకోండి. వేసుకున్నా మాట్లాడుతూనే ఉండండి, గొంతు మీదే అని తెలుస్తుంది. ఇంకా మంచిది, మాస్కుకు రంగు వాడి చేతే వేయించడం. తన వేళ్ల ముద్రలున్న దాన్ని చూసి పిల్లలు భయపడరు. మూడేళ్ల వాడికి ముఖానికి కట్టేది వద్దు, ఐస్‌క్రీం పుల్లకు అంటించి చేత్తో పట్టుకునేది ఇవ్వండి.

మిగతా అందరికీ నాలుగు మాటలు, నేను చూసినవే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ముఖం అచ్చు తీయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గట్టిపడేటప్పుడు వేడెక్కి చర్మం కాలుతుంది. మెరుపుల పొడి కళ్ల దగ్గర చల్లొద్దు, రేణువు కంట్లో పడి నలిపితే నల్లగుడ్డు గీరుకుపోతుంది. ఘాటు వాసన వచ్చే గమ్ముతో పెద్దవాళ్లే, కిటికీలు తెరిచి పనిచేయాలి. ఆయాసం ఉన్న పిల్లలకు ముక్కు మూయని మాస్కు ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, కేక్ మీద కొవ్వొత్తి వెలిగించే ముందు అందరి మాస్కులూ తీయించండి. పేపర్ ఈకలూ దూదీ మంటను ఇట్టే అందుకుంటాయి.

పోచంపల్లి_మగ్గం
ఎలుగుబంటికి దూదికి నల్లరంగు వేసి అంటించాలనుకుంటున్నారేమో, వద్దక్కా. ముద్దగా అవుతుంది, మంటకూ భయమే. మా ఇంట్లో మగ్గం ఉంది. నూలు ముక్కలు చాలా మిగులుతాయి. మీ ఊళ్లో అయితే టైలర్ దగ్గర నల్ల బట్ట పీలికలు అడగండి. వేలెడు పొడవు పీలికలు కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి, ఇంటి మీద పెంకులు పరిచినట్టు, ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోవాలి. పైనుంచి మొదలుపెడితే అతుకులన్నీ కనబడతాయి. మన అడవి ఎలుగు ముక్కు పొడుగ్గా, పాలిపోయిన రంగులో ఉంటుంది. టెడ్డీ బొమ్మల్లా గుండ్రటి ముక్కు పెట్టకండి. మూతికి కాగితం టీ కప్పు బోర్లించి అతికిస్తే సరిపోతుంది. రొమ్ము మీద తెల్లటి వంపు గీత ఉంటుంది, దాన్ని చొక్కా మీద కుట్టండి.

మిర్యాలగూడ_అమ్మ
నాలుగు బుగ్గలు అయ్యాయి, అంటే ఎనిమిది ముఖాలు. కానీ రెండు రోజులుగా ముసురు. రెండిటికి లోపల బూజు పట్టింది, వాసన వస్తోంది. కిరాణా కొట్టాయన లైలో మైలుతుత్తం కలపమన్నాడు, గోడ పోస్టర్లు అంటించేవాళ్లు అదే కలుపుతారట. కలపనా?

పాలమూరు_సిస్టర్
అక్కా వద్దు, వద్దు. అది విషం. పిల్లల నోటికీ కంటికీ అంత దగ్గరగా పెట్టే దాంట్లో అసలు కలపకూడదు. బూజు పట్టిన రెండూ పారేయండి.

దేవరకొండ_డ్రాయింగ్_సార్
సిస్టర్ మాటే నా మాట. లైలో చెంచాడు ఉప్పు వేసి ఉడికించండి, బూజు కొంత ఆగుతుంది. అంతకంటే ముఖ్యం ముసురు రోజుల్లో ఒక్క పొరే వేయడం. గుల్ల మీద గోరుతో కొడితే డబ్బా మోగినట్టు మోగాలి. అప్పుడే తర్వాతి పొర.

టైముంటే చింతగింజల లై ప్రయత్నించండి. చేర్యాల నకాషీ కళాకారులు మాస్కులూ బొమ్మలూ చేసేది కట్టె పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతోనే. చిన్న మాస్కులకు కొబ్బరి చిప్పను లోపల ఆధారంగా పెడతారు. నేను బడిలో చేసే పద్ధతి ఇది: గింజలు వేయించి, దంచి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి చిక్కబడేదాకా ఉడికిస్తాను. జల్లించిన కట్టె పొట్టు కలిపితే చపాతీ పిండిలా అవుతుంది. పన్నెండు మాస్కులకూ అది చేయడం కష్టం. కానీ ముక్కులు, కనుబొమలు, చెవుల మొదళ్లు ఆ ముద్దతో పెడితే రాయిలా ఉంటాయి.

నల్గొండ_బీటెక్
నేను థర్మాకోల్‌తో సింహం చేశాను. రబ్బర్ గమ్ము రాయగానే గుంటలు పడి కరిగిపోయింది. స్ప్రే రంగు కొడితే మిగిలిందీ పోయింది. అలా ఎందుకైంది?

దేవరకొండ_డ్రాయింగ్_సార్
ఆ గమ్ములో, ఆ స్ప్రేలో ఉండే ద్రావకం థర్మాకోల్‌ను కరిగిస్తుంది బాబూ. థర్మాకోల్‌కు నీళ్లలో కలిసే తెల్ల గమ్మే వాడాలి, ఫెవికాల్ లాంటిది. పైన రెండు పొరల పేపర్ వేసి ఆ తర్వాత రంగు వేయి.

మిర్యాలగూడ_అమ్మ
ఇక పాలపిట్ట దగ్గరికి వచ్చాను. టోపీకి నీలం రంగు వేశాం. పాప చూసి "ఇది పాలపిట్ట కాదు, మీకు రాదు" అని వెళ్లిపోయింది. ఏదో తప్పు ఉందని నాకూ తెలుస్తోంది కానీ ఏమిటో తెలియడం లేదు.

నల్లమల_బాట
మీ పాప కన్ను మంచిది. పాలపిట్ట ఒళ్లంతా నీలం కాదమ్మా. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు చూడండి. మెడ, రొమ్ము ఇటుక కలిసిన గోధుమరంగు, గొంతు మీద సన్నటి తెల్ల చారలు. నడినెత్తి నీలం. వీపు మట్టిరంగు. ముక్కు నల్లగా, దిట్టంగా, కొస కొంచెం వంగి. కూర్చున్నప్పుడు దాన్ని గుర్తుపట్టక దాటిపోయేవాళ్లే ఎక్కువ. రెక్క విప్పిందంటే చాలు, ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒకదాని పక్కన ఒకటి మెరుస్తాయి. తోకలోనూ అవే రంగులు.

కాబట్టి టోపీకి నెత్తి మీద మాత్రమే నీలం ఉంచండి. చెంపల వైపు గోధుమరంగు. అసలు నీలం రెక్కల్లో పెట్టండి.

గద్వాల_కుట్టుమిషన్
బాట అన్న చెప్పింది చదవగానే నాకు రెక్క ఎలా కుట్టాలో తట్టింది! రెండు పొరల శాలువా. బయట మట్టిరంగు బట్ట, లోపల నీలం పట్టీలు. పాప చేతులు కిందికి ఉంచితే గోధుమరంగు పిట్ట, చేతులు చాపితే నీలం. కొలత ఒక చేతి మణికట్టు నుంచి ఇంకో చేతి మణికట్టు దాకా, వెడల్పు భుజం నుంచి నడుము దాకా. కింది అంచు ఈకల్లా కోయండి. వేలికి తగిలించుకోవడానికి చివర చిన్న ఎలాస్టిక్ ఉంగరం కుట్టండి. లోపలి నీలానికి కొత్త బట్ట కొనక్కర్లేదు, రెండు పాత జాకెట్ బట్టలు చాలు.

సూర్యాపేట_తమ్ముడు
నా దగ్గర నెమలి ఈకలు చాలా ఉన్నాయి, పంపగలను. మా బాబాయ్ పాలపిట్ట ఈకలు కూడా తెచ్చిస్తానన్నాడు. దసరాకు పట్టి పంజరంలో పెట్టి చూపించేవాళ్లు తెలుసట.

నల్లమల_బాట
తమ్ముడూ, నీది మంచి మనసే కానీ పాలపిట్ట ఈకలు దయచేసి వద్దు. పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పండుగ నాడు దాన్ని చూస్తే మంచిదని మన నమ్మకం. ఆ నమ్మకం ఎగిరే పిట్టను చూడటం గురించే కదా. పంజరాల్లో కాళ్లు కట్టి, రెక్కలు గమ్ముతో అంటించినవి నేను చూశాను. అలాంటివి ఎక్కువ రోజులు బతకవు. 2014లో మన తెలంగాణ రాష్ట్ర పక్షిగా పెట్టుకున్నది దాన్నే. మీ బాబాయ్‌కి కూడా చెప్పు.

నెమలి తోక ఈకలు వాటంతట అవే రాలతాయి కాబట్టి వాటి సంగతి వేరు. అయినా పిల్లల మాస్కుకు కాగితం ఈకలే అందం. ఆకారం కోసి, మధ్యలో మడత పెట్టి, రెండు వైపులా ఏటవాలుగా సన్నగా గాట్లు పెడితే గాలికి కదులుతాయి. నెమలి నెత్తి మీది కిరీటానికి చీపురు పుల్లల కొసలకు నీలం కాగితం అంటించి విసనకర్రలా విప్పండి.

సూర్యాపేట_తమ్ముడు
అర్థమైంది అన్నా. బాబాయ్‌తో ఇప్పుడే మాట్లాడాను. ఇక ఎవరి దగ్గరా అడగనన్నాడు.

నాగర్‌కర్నూల్_వేషం
మా ఇంట్లో పులివేషం కట్టేవాళ్లున్నారు. మాస్కు వద్దు, ముఖానికే రంగు వేద్దాం అనుకునేవాళ్లకు ఒక్క మాట. మా మామ ఏళ్లపాటు ఒంటికి ఆయిల్ పెయింట్ పూసుకుని, కిరసనాయిలుతో కడుక్కునేవాడు. ఇప్పుడు ఆయన చర్మం చేత్తో తాకితే తెలుస్తుంది. పిల్లల ముఖానికి ఇంటి రంగులు, పోస్టర్ రంగులు పూయకండి. చర్మం కోసం చేసిన రంగులే, అవీ ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి చూసి.

చారలు వేసేటప్పుడు ముక్కు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ తీసుకెళ్లండి. ఒక వైపు పూర్తి చేసి రెండో వైపుకు పోతే పులి ముఖం వంకరగా వస్తుంది. మామ చెప్పిన పద్ధతి ఇది, అట్ట మాస్కుకైనా పనికొస్తుంది.

మిర్యాలగూడ_అమ్మ
పుట్టినరోజు నిన్న అయింది. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

పన్నెండూ పూర్తయ్యాయి. జింక కళ్లు పక్కకు జరపగానే జింక జింకలాగే వచ్చింది, మా ఆయన నమ్మలేకపోయారు. ఎలుగుబంటి పీలికలకే ఎక్కువ టైం పట్టింది, రెండు రాత్రులు. పులి ఒకదానికి పోస్టర్ రంగు చెమటకు కారి పిల్లాడి చొక్కాకు అంటింది. పైన ఫెవికాల్ నీళ్ల పూత ఒక్కటే వేశాం, రెండు వేయాల్సింది. గుడ్లగూబ పిల్లలిద్దరూ కొవ్వొత్తి దగ్గర కూడా తీయనని మొండికేశారు, సిస్టర్ మాట గుర్తుండి నేనే తీయించాను.

పాప గదిలోంచి చేతులు కిందికి పెట్టుకుని మెల్లగా వచ్చింది. అందరూ ఇదేం పిట్ట అని అడిగారు. మాట్లాడలేదు. హాలు మధ్యకు వచ్చి రెండు చేతులూ చాపింది. మా అత్తయ్య లేచి నిలబడి దండం పెట్టేసింది. పాప ఆ తర్వాత గుమ్మం మెట్లు పరుగెత్తుతూ దిగింది. నేను చూస్తూనే ఉన్నాను, ఎక్కడా తడబడలేదు.

గద్వాల_కుట్టుమిషన్
అక్కా, చదువుతుంటే కళ్లు నిండాయి. శాలువాను ఉతకొద్దు, తడి బట్టతో తుడిచి నీడలో ఆరేయండి.

వనపర్తి_నాన్న
మావాడు తన జింకకు రంగు తనే వేశాడు, చుక్కలన్నీ బొటనవేలి ముద్రలే. ముఖం ముందు పట్టుకోమంటే ఇంకా పట్టుకోవడం లేదు. తల వెనక కట్టమన్నాడు, కట్టాను. ఇల్లంతా తిరుగుతున్నాడు.

నల్లమల_బాట
అన్నా, వాడికి తెలియకుండానే గొప్ప పని చేశాడు. బెంగాల్‌లోని సుందర్‌బన్స్ అడవుల్లో 1986లో అడవిలోకి పోయేవాళ్లకు తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టారు. పులి వెనక నుంచి దూకుతుంది కాబట్టి, తనవైపే చూస్తున్నాడనుకుని ఆగుతుందని. వాడికి కొంచెం పెద్దయ్యాక ఈ కథ చెప్పండి.

వనపర్తి_నాన్న
ఇప్పుడే చెప్పాను అన్నా. అయితే నాన్నకూ వెనక ఒకటి కట్టాలన్నాడు. సార్, ఆ చింతగింజలు ఎంతసేపు వేయించాలి?

దేవరకొండ_డ్రాయింగ్_సార్
సన్న మంట మీద, పొట్టు పగుళ్లిచ్చే దాకా. ఒక గింజ తీసి రోట్లో దెబ్బ వేసి చూడండి, పొట్టు విడిపోయి లోపల తెల్లటి పప్పు వస్తే చాలు.